మోటుపల్లి అభయము



మా వికారాబాదుకు సముద్రము లేదు. తాండూరుకు అంతకన్నా లేదు. ఎటు చూచినా బండలు, కందిచేలు, ఒకచోట ఎర్రనేల, ఒకచోట నల్లరేగడి. అటువంటి మెట్టసీమవాడికి ఓడల ముచ్చట ఎందుకని మీరడగవచ్చును. దానికి సమాధానము మా అనంతగిరి కొండలే చెప్పగలవు. ఆ కొండలలో పుట్టిన మూసీ తూర్పుముఖముగా సాగి, హైదరాబాదు నగరాన్ని చీల్చుకొనిపోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఈ ప్రాంతపు నీటినే మోసుకొనే కాగ్నానది తాండూరు మీదుగా పడమటికి పోయి, రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటాన్ని (నేటి మల్ఖేడ్) తాకి, భీమానదిలో కలుస్తుంది. భీమ కృష్ణలో కలుస్తుంది. పుట్టింట ఎడమొగము పెడమొగముగా విడిపోయిన అక్కచెల్లెళ్ళు వాడపల్లి దగ్గర మరల కలుసుకొని, హంసలదీవి వద్ద సాగరములో దిగుతారు. కనుక ఆ ఒడ్డుమీద మాకూ కొంత హక్కున్నదనే నా వాదము.

నేడు విహారయాత్ర అనగానే స్తోమత గలవారు ఇటలీ తీరము మాట ఎత్తుతున్నారు. నేపుల్సు నగరానికి దక్షిణముగా ఉన్న అమాల్ఫీ తీరాన్ని యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చింది. అక్కడ కొండలు నేరుగా కడలిలోకి దిగుతాయి. కొండచరియకు పిచ్చుకగూళ్ళవలె అంటుకొన్న ఇళ్ళు, నిమ్మతోటలు, నీలిజలాలు చూడ ముచ్చటగా ఉంటాయనుటలో సందేహము లేదు. కాని అమాల్ఫీ గొప్పదనము అందములో మాత్రమే లేదు. వెనీసు, జెనోవా, పీసా నగరాలతోపాటు అది మధ్యయుగములో సముద్రవాణిజ్యము మీద బ్రతికిన స్వతంత్ర పట్టణము. ఓడ యజమానికి, సరకు యజమానికి, నావికునికి నడుమ తగవు వస్తే తీర్చవలసిన పద్ధతులను ‘అమాల్ఫీ పట్టిక’ అనే ధర్మశాస్త్రముగా కూర్చుకొన్న ఊరు. 1135, 1137 సంవత్సరాలలో పీసావారు దానిని దోచుకొన్నారు. 1343లో వచ్చిన పెనుతుపాను రేవుభాగాన్ని కడలిపాలు చేసింది. ఊరు చిన్నదైపోయింది కాని ధర్మశాస్త్రము పేరు మిగిలింది.

ఇంతటి కథ మన తీరానికి లేదా? ఉన్నది. అయితే మన తీరము స్వభావము వేరు. విశాఖ వద్ద డాల్ఫిన్స్ నోస్ వంటి కొండకొమ్ములను విడిచిపెడితే, మన కోస్తా చాలవరకు చదునైన ఇసుకనేల. గాలివానకు ఓడ తలదాచుకొనే సహజమైన మరుగు బహు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు దూరముగా లంగరు దించేవి. మేకులు కొట్టకుండ కొబ్బరినారతో పలకలను కుట్టిన మసూలా పడవలు అలల మీదుగా సరకును, మనుషులను చేరవేసేవి. పలకలు బిగదీసి ఉండక అలతోపాటు వంగేవి గనుక ఆ పడవలు పగిలేవి కావు. కాని లంగరు తెగిన ఓడకు మాత్రము దిక్కులేదు. అది కొట్టుకొనివచ్చి ఏదో ఒక ఇసుకతిన్నె మీద పడవలసినదే.

అట్లు పడిన ఓడ ఎవరిది? ఈ ప్రశ్నకు ఆనాటి రాజులు చెప్పిన జవాబు ఒక్కటే: ఎవరి ఒడ్డున పడితే వారిది. ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, పట్టుబట్టలు ఏవి ఉన్నా రాజభటులు పట్టుకొనిపోయేవారు. ప్రాణాలతో బయటపడిన వర్తకుడు కట్టుబట్టలతో మిగిలేవాడు. ఇది మన దేశపు దోషము మాత్రమే కాదు. ఐరోపాలోనూ ఇదే ఆచారము ఉండెడిది. 1179లో రోమునగరపు లాటెరన్ మహాసభ, ఓడ పగిలిన క్రైస్తవుల సొత్తు దోచేవారిని మతమునుండి వెలివేయవలెనని నిర్ణయించింది. 1220లో రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి రోములో పట్టాభిషిక్తుడైన నాడు ఈ దోపిడిని నిషేధిస్తూ చట్టము చేశాడు.

ఆ తరువాత పాతికేండ్లయినా గడవకముందే, 1244–45లో (శాలివాహన శకము 1166, క్రోధి సంవత్సరము), ఓరుగల్లు నేలిన కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక శాసనము వేయించాడు. నేడది బాపట్ల జిల్లా చినగంజాము మండలములోని పల్లె. అక్కడి వీరభద్రాలయము ముందరి స్తంభము మీద ఉన్న ఆ రచనకే చరిత్రకారులు అభయశాసనమని పేరు పెట్టారు. దాని సారాంశము ఇది: ఒక దేశమునుండి మరొక దేశానికి పోతున్న ఓడ గాలివానకు చిక్కి ఒడ్డునపడి పగిలితే, పూర్వపు రాజులు అందలి సర్వస్వము బలాత్కారముగా తీసుకొనేవారు, ప్రాణముకన్న ధనమే ఎక్కువనుకొని సముద్రముమీద సాహసించే వర్తకుల యెడ దయతో, కీర్తికొరకు, ధర్మముకొరకు, మేము నియమిత సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టుచున్నాము. ఆ సుంకము ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పదింట ఒకవంతు.

తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి గనుక ఇందులో నన్ను ఆకర్షించేది భాష. రాజుగారి వంశకీర్తి, దయాధర్మాలు గీర్వాణములో గంభీరముగా సాగుతాయి. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యము, పగడము, రాగి, సీసము, పట్టు, మిరియము, పోక అంటూ ఏ సరకుకు ఎంత సుంకమో చెప్పవలసినచోట శాసనము తెలుగులోకి దిగుతుంది. కీర్తి దేవభాషలో ఉన్నా ఫరవాలేదు. కాని లెక్క మాత్రము రేవులోని కరణానికీ, బేహారికీ తెలియాలి కదా! ‘ఇంతకు మించి అడిగితే ఇదిగో రాయి’ అని వర్తకుడు వేలుపెట్టి చూపగలిగితేనే అభయము అభయమవుతుంది. పైగా లాటెరన్ సభ చెప్పిన రక్షణ స్వమతస్థులకు. మోటుపల్లి మాట ద్వీపాంతరాలనుండి, దేశాంతరాలనుండి వచ్చే వర్తకులందరికీ.

దయ ఒక్కటే కారణమని నేననను. ఓరుగల్లు నడుమదేశపు రాజధాని. ఏనుగులకు, గుర్రాలకు, సుగంధద్రవ్యాలకు అది రేవుమీదనే ఆధారపడవలెను. దోచుకొంటే ఒక ఓడ దక్కుతుంది. మాట ఇచ్చి నిలబెట్టుకొంటే నూరు ఓడలు వస్తాయి. శాసనములోని ధర్మము, కీర్తి అనే మాటల ప్రక్కన ఈ లెక్కకూడ ఉన్నదని గ్రహించినంత మాత్రాన దాని విలువ తగ్గదు. ధర్మమూ లాభమూ ఒకే దారిన నడచే సందర్భాలు చరిత్రలో అరుదు. అటువంటిది దొరికినప్పుడు గుర్తించగలగడమే పాలకుని ప్రజ్ఞ.

ఆ మాట ఎంతదూరము పోయిందో చూడండి. వెనీసు వర్తకుడు మార్కోపోలో 1298 ప్రాంతములో జెనోవా చెరసాలలో ఉండి, తోటి ఖైదీ పీసావాసి రుస్తికెల్లో చేత వ్రాయించిన యాత్రాగ్రంథములో ‘ముత్‌ఫిలి’ అనే రాజ్యమున్నది. అది మన మోటుపల్లియే. వజ్రాలను గురించి, సాలెగూడంత పలుచని బట్టలను గురించి, న్యాయము తప్పని ఒక రాణిని గురించి అందులో వ్రాశాడు. ఆ రాణి రుద్రమదేవియే కాని, ఆమెను మృతరాజు భార్యగా చెప్పాడు; నిజానికి ఆమె గణపతిదేవుని కుమార్తె. చందుపట్ల శాసనాన్నిబట్టి రుద్రమ 1289లో గతించినది. పోలో చైనానుండి మరలివచ్చినది ఆ పిదపనే. కనుక ఇదంతా కంటితో చూచినది కాక, చెవిని పడినదే అయి ఉండవచ్చును. అయితే నేమి? ఒక రేవు కీర్తి ఓడలకంటె ముందుగా ప్రయాణము చేస్తుందనడానికి అదే నిదర్శనము.

కాకతీయుల తరువాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు రాయితీలిస్తూ మరొక శాసనము వేయించాడు. రాజ్యము పోయినా పూర్వరాజు ఇచ్చిన మాటను తరువాతివారు కొనసాగించారన్నమాట. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి ఈ సముద్రవాణిజ్యములోని వాడే. సింహళపు ఏనుగులు, హురుమంజి గుర్రాలు, చీనా పట్టుబట్టలు తెప్పించిన ఘనుడిగా కవి ఆయనను వర్ణించాడు. మనము ఆ కావ్యావతారికను అలంకారాలకోసము చదువుతాము. ఒకసారి సరకుల పట్టికగా చదివి చూడండి. రేవు కళ్ళకు కడుతుంది.

తరువాతి శతాబ్దులలో ఆ వైభవము మచిలీపట్టణానికి మారింది. అదే మా గోలకొండకు సముద్రద్వారము. దక్కను పీఠభూమి సరకు ఆ దారినే ఓడలెక్కింది. ఇంగ్లీషువారు 1611లో అక్కడ దిగారు. వారికంటె కొంచెము ముందే డచ్చివారు వచ్చారు. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరుకోటను పట్టుకొనగా, నిజాము సలాబత్ జంగు ఆ సీమను ఆంగ్లేయులకు వదలుకొన్నాడు. 1766 సంధితో ఉత్తర సర్కారులలో చాలాభాగము పోయింది. క్రమముగా హైదరాబాదు రాజ్యానికి ఒడ్డు లేకుండపోయింది. రేవులేని రాజ్యము ఎంతటి పరాధీనమో, 1947లో కూడ నిజాము వర్గము గోవా రేవుకోసము ప్రయత్నించడమే చెబుతుంది.

కాని బందరు దిగజారుటకు రాజకీయము ఒక్కటే కారణము కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది మరణించారు. దానికి తోడు ఒండ్రు. కృష్ణ తెచ్చిన మన్నుతో డెల్టా ముందుకు పెరిగి సముద్రము వెనుకకు పోయింది. రెండవ శతాబ్దిలో టాలెమీ పేర్కొన్న వర్తకస్థలము కంటకోసిల, అనగా నేటి ఘంటసాల, ఇప్పుడు పొలాల నడుమనున్నది. ఆ ఒండ్రులో మా కొండల మట్టికూడ ఉన్నది. ఓడలకు సరకిచ్చినది మెట్టసీమయే, ఓడలదారి పూడ్చినదీ మెట్టసీమయే!

గోదావరి ఒడ్డున కోరంగి కథ ఇంకను విషాదకరము. ఓడలు కట్టిన ఊరది. 1789లో ఒక ఉప్పెన, 1839లో మరొకటి దానిని ధ్వంసము చేశాయి. పాము చుట్టలను సూచించే గ్రీకు పదమునుండి ‘సైక్లోన్’ అనే మాటను కలకత్తాలోని హెన్రీ పిడింగ్టన్ కల్పించాడు. ఆయన వివరించిన తుపానులలో 1789 నాటి కోరంగి తుపాను ఒకటి. ఊరు పోయింది, పేరు మిగిలింది. బర్మాకు పొట్టచేతపట్టుకొని పోయిన తెలుగువారిని అక్కడివారు ‘కోరంగీ’లని పిలిచారు. 1930 మే నెలలో రంగూను రేవులో కూలిపనిమీద పుట్టిన కలహములో ఆ తెలుగువారెందరో హతులయ్యారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడిన తరువాత వేలాదిమంది కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగివచ్చారు. ఒకప్పుడు పరదేశికి అభయమిచ్చిన తీరమువారే పరదేశములో అభయములేని వారయ్యారు.

మెట్టప్రాంతపు మిత్రులెవరైనా ఆ తీరము చూడదలిస్తే నా సలహా ఇది. చీరాలలో దిగి, వాడరేవు చూచి, చినగంజాము ఉప్పుమడుల మీదుగా మోటుపల్లికి పోండి. తరువాత భట్టిప్రోలు స్తూపము, ఘంటసాల, హంసలదీవి వేణుగోపాలస్వామి, బందరులో డచ్చివారి సమాధులు, పెడన కలంకారీ. సమయముంటే కోరంగి మడ అడవులు, భీమునిపట్టణము. అమాల్ఫీవలె కొండమీద ఇళ్ళు కనిపించవు. చదునైన నేలమీద ఒక రాతి స్తంభము కనిపిస్తుంది. ముందుగా దానిమీది మాట తెలిసి వెళ్ళినవారికే అది మాట్లాడుతుంది.

ఆ మాటకు కాలదోషము పట్టలేదు. 2013 అక్టోబరు 3న ఇటలీకి చెందిన లాంపెదూసా దీవి వద్ద ఆఫ్రికానుండి వస్తున్న పడవ మునిగి 360 మందికి పైగా చనిపోయారు. ఒడ్డుకు కొట్టుకొనివచ్చినవారిని ఏమిచేయవలెనన్న తగవు ఆ సుందరతీరములో నేటికీ తెగలేదు. అంతదూరమెందుకు? మా తాండూరు బండల గనులకు ఎక్కడెక్కడినుండో కూలీలు వస్తారు. మా కొడంగల్ వైపువారు పుణె, ముంబయి నగరాలకు పోతారు. ప్రతి ఊరూ ఎవరికో ఒకరికి ఒడ్డే. వచ్చినవాడు నిస్సహాయుడై ఉన్నప్పుడు వాని దగ్గర ఎంత తీసుకోవచ్చును, ఎంత విడిచిపెట్టవలెను అన్న ప్రశ్నకు గణపతిదేవుడు ఒక లెక్క చెప్పాడు. ముప్పదింట ఒకటి తీసుకో, ఇరువదితొమ్మిది వానికి విడిచిపెట్టు.