కోర్టుల హద్దులు

మద్రాసు ప్రెసిడెన్సీలో 1802 రెగ్యులేషన్ల కింద జిల్లా కోర్టులు వెలిసినప్పుడు, ఏ ప్రాంతంలో ఎన్ని వ్యాజ్యాలు పుడతాయన్న లెక్క ఎవరి దగ్గరా లేదు. శిస్తు వసూలుకు గీసుకున్న జిల్లాలే చాలావరకు కోర్టులకూ హద్దులయ్యాయి. కలెక్టరుకు అనువైన హద్దు జడ్జికీ అనువుగా ఉండాలని లేదు. ఆ పేచీ ఇప్పటికీ తీరలేదు.

భారం పెరిగినప్పుడు మొదట చేసింది హద్దు జరపడం కాదు, దావా విలువను బట్టి పని పంచడం. ఈస్టిండియా కంపెనీ అధికారి మన్రో నాయకత్వంలోని కమిషన్ కృషితో వచ్చిన 1816 రెగ్యులేషన్లు గ్రామ మున్సిఫుకు 10 రూపాయల దాకా, జిల్లా మున్సిఫుకు 200 రూపాయల దాకా విచారణాధికారం ఇచ్చాయి. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం జిల్లా మున్సిఫు పరిమితిని 2,500 రూపాయలకు చేర్చింది. కోర్టుల స్థానిక హద్దులను అవసరాన్ని బట్టి మార్చే వీలూ అందులోనే ఉంది. దాంతో ఒక కోర్టు కింది గ్రామాలను పక్క కోర్టుకు కలపడం గెజిట్ ప్రకటనతో తేలిపోయే పని అయింది.

కాగితం మీద చిన్నదిగా కనిపించే ఈ మార్పు కక్షిదారుకు చిన్నది కాదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం భూమి దావా ఆ భూమి ఉన్న చోటి కోర్టులోనే వేయాలి. తాలూకా చేతులు మారితే దాని గట్టు తగాదాలు, భాగపంపిణీలు, తనఖా దావాలు అన్నీ కొత్త కోర్టుకే వెళతాయి. వాయిదాకు వెళ్లే దారి మారుతుంది, వకీలు మారవచ్చు. పాత కోర్టు ఊరి వకీళ్లకైతే అది నేరుగా రాబడి సంగతి.

రెవెన్యూ పటం మాత్రం తన దారిన తాను మారుతూ వచ్చింది. 1859లో గోదావరి, కృష్ణా జిల్లాలు, 1904లో గుంటూరు, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడ్డాయి. వీటి వెనుక ఉన్నది ప్రధానంగా పరిపాలనా సౌలభ్యం. కోర్టుల్లో పేరుకున్న పనికి విరుగుడుగా అదనపు జిల్లా కోర్టులు, సబ్‌కోర్టులు పెట్టడం, కేసులు బదిలీ చేయడం ఎక్కువగా సాగింది. హద్దులు తిరగరాయడం కన్నా అది సులువు, ఎవరికీ కోపం రాదు.

అసలు కోర్టుల పనికి ఎంతమంది జడ్జీలు కావాలన్న ప్రశ్నకు, జనాభాకు ఇంతమంది అన్న కొలతను 1987లో లా కమిషన్ ముందుకు తెచ్చింది. 2014 నాటి 245వ నివేదికలో అదే సంస్థ ఆ కొలత చాలదని, కేసుల పరిష్కార వేగాన్ని బట్టి లెక్క కట్టాలని చెప్పింది.

ఇక హద్దుల సంగతికొస్తే, తెలంగాణలో 2016లో పరిపాలనా జిల్లాలు 10 నుంచి 31కి, 2019లో 33కి పెరిగినా న్యాయ జిల్లాలు కొన్నేళ్లు పాతవే. 2022 జూన్ 2న అవీ 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లాలు 26 కాగా, కోర్టులు పాత 13 జిల్లాల పద్ధతిలోనే ఉన్నాయి. దాంతో కొత్త బాపట్ల జిల్లా కొంత గుంటూరు జిల్లా కోర్టు కిందా, కొంత ఒంగోలులోని ప్రకాశం జిల్లా కోర్టు కిందా ఉండిపోయింది.