పొమ్మనని పొగ

"పొమ్మనలేక పొగబెట్టడం" అని మనకొక నానుడి ఉంది. మన భాషలో పొగ అతిథిని సాగనంపే సాధనం. అమెరికాలో నవంబరు నెల నాలుగవ గురువారం నాడు అదే పొగ అతిథులను రప్పిస్తుంది. ఆ దినం వారికి థాంక్స్ గివింగ్, అంటే కృతజ్ఞతా పర్వం. విందులో ప్రధాన భక్ష్యం టర్కీ కోడి. చాలా ఇళ్ళలో దానిని వంటింటి ఓవెనులోనే కాలుస్తారు. కొందరు మాత్రం పెరటిలో మూతగల ఇనుప పాత్రలో బొగ్గు రగిల్చి, పైన హికరీ, ఆపిల్ వంటి చెట్ల కట్టెముక్కలు వేసి, ఆ పొగవేడిలో గంటల తరబడి ఉంచి వండుతారు. ఆ దేశపు ఉత్తర భాగాన అది చలిగాలుల కాలం. వానో మంచో పడుతూనే ఉంటుంది. ఇంట్లో వెచ్చని వంటగది ఉండగా ఆ వానలో ఈ అగ్నికార్యం ఏమిటని ఎవరికైనా తోస్తుంది. దీని వెనుక ఒక పాతకథ ఉంది.

నేను శాకాహారిని. రుచిని గురించి సాక్ష్యం చెప్పే అర్హత నాకు లేదు. తర్కసంగ్రహం చదువుకొన్నవాణ్ణి కనుక పొగను గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పగలను.

ముందుగా పక్షి సంగతి. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతీయులు రెండువేల ఏళ్ళకు పూర్వమే దీనిని మచ్చిక చేసుకొన్నారు. పదహారవ శతాబ్ది ఆరంభంలో స్పెయిన్ దేశస్థులు యూరపుకు తీసుకొని వెళ్ళారు. అక్కడ దానికి పడిన పేర్లు చూడండి. ఆంగ్లేయులు తురుష్క దేశపు పక్షి అనుకొన్నారు. ఫ్రెంచివారి 'దాంద్' అన్న మాటకు ఇండియా నుంచి వచ్చినదని అర్థం. తురుష్కులే దీనిని 'హిందీ' అన్నారు. డచ్చివారి 'కాల్‌కూన్' అన్న పేరులో మన కళ్ళికోట ఉంది. ఇంతమంది మన దేశానికి అంటగట్టిన ఆ పక్షి నిజానికి మన దేశానికీ పరదేశియే. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవానుంచి కొనితెచ్చిన వింతలలో దీనిని చూచి జహంగీరు ఆశ్చర్యపడ్డాడు. దాని తల ఊసరవెల్లిలా రంగులు మారుస్తుందని తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూరు గీసిన దాని బొమ్మ లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఇక పొగ. ఆహారాన్ని నిలువ చేయాలంటే అందులోని తడి పోవాలి. మనకు ఎండ సమృద్ధి. అందుకే వడియాలు, ఒరుగులు, ఊరమిరపకాయలు మన మేడలమీద ఎండుతాయి. సముద్రతీరాన చేపలు ఇసుకమీదనే ఎండుతాయి. ఎండ నమ్మదగని దేశాలలో ఆ పని పొగ చేయవలసి వచ్చింది. నిప్పువేడి తడిని లాగుతుంది, పొగ ఈగలను దరిచేరనివ్వదు, పొగలోని రసాయనాలు కుళ్ళును అడ్డగిస్తాయి. ఏడాదిలో చాలాకాలం వాన కురిసే అమెరికా వాయవ్య తీరంలో ఆదివాసులు సాల్మన్ చేపను పొగయిండ్లలో ఆరబెట్టుకొన్నది ఇందుకే. స్కాట్లండులోని అర్బ్రోత్ అనే రేవుపట్టణంలో హాడక్ చేపలను పీపాలో నిప్పుపై వేలాడదీసి, పైన తడి గోనెపట్టాలు కప్పి పొగబెట్టడం నేటికీ ఉంది. వేడి బయటికి పోరాదు, గాలి లోపలికి ఎక్కువగా రారాదు. గోనె తడిగా ఉంటేనే అంటుకోదు.

1564లో ఫ్లోరిడాకు వెళ్ళిన ఫ్రెంచి చిత్రకారుడు లె మొయిన్ అక్కడి తిముకువా జనుల జీవితాన్ని చిత్రించాడు. ఆ చిత్రాల ఆధారంగా వెలువడినవని చెప్పే ముద్రణలను డి బ్రై 1591లో ప్రచురించాడు. వాటిలో ఒకదానిలో నాలుగు గుంజలపై కర్రల పందిరి, దానిమీద చేపలు, జంతువులు, కింద మంట, చుట్టూ పొగ కనిపిస్తాయి. కరేబియన్ దీవులలోని తైనో జనులు ఇటువంటి పందిరిని 'బార్బకోవా' అన్నారు. ఈనాటి బార్బెక్యూ అన్న మాటకు మూలం అదే. దక్షిణ అమెరికాలోని తుపి భాషలో దాని పేరు ఫ్రెంచివారి నోట 'బుకాన్' అయింది. దానిపై మాంసం ఆరబెట్టుకొని బ్రతికిన వేటగాండ్రు 'బుకానియర్లు' అయ్యారు. తరువాత ఆ పేరు సముద్రపు దొంగలకు స్థిరపడింది.

అంటే ఆరుబయట పొగ ఒక విలాసంగా పుట్టలేదు. చెడ్డ వాతావరణాన్ని తట్టుకోవడానికి మనిషి నేర్చుకొన్న విద్య అది. రిఫ్రిజిరేటర్లు వచ్చాక ఆ అవసరం తీరిపోయి, రుచి ఒక్కటే మిగిలింది. అప్పుడు వానా గాలీ ఆ విద్యకే శత్రువులయ్యాయి.

ఆ శత్రుత్వానికి పండుగ తేదీ కూడ తోడైంది. 1621 శరత్తులో ప్లిమత్ వలసవారు, వాంపనోగ్ ఆదివాసులు కలిసి చేసుకొన్న విందును ఈ పర్వానికి ఆదిగా చెబుతారు. దానిని వర్ణించిన విన్‌స్లో లేఖలో వేటాడి తెచ్చిన పక్షులు, ఆదివాసులు తెచ్చిన ఐదు జింకలు ఉన్నాయి గాని టర్కీ పేరు లేదు. 1863లో అంతర్యుద్ధం నడుమ లింకన్ నవంబరు చివరి గురువారాన్ని పర్వదినంగా ప్రకటించాడు. 1941 చివర చేసిన చట్టం నాలుగవ గురువారాన్ని స్థిరం చేసింది. పంటకోతల వేళ నుంచి శీతకాలపు గుమ్మంలోకి పండుగ జరిగింది.

ఇక్కడే నాకు ఎంతో నచ్చిన ఘట్టం. 1952లో షికాగోలోని ఒక లోహపు కార్ఖానాలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన పనిచేసేవాడు. అక్కడ నీటిపై తేలే గుండ్రని బోయాలు తయారయ్యేవి. అప్పటి పెరటిపొయ్యిలకు మూత ఉండేది కాదు. గాలి వీస్తే బూడిద వంటమీద పడేది, వాన పడితే నిప్పు ఆరేది. ఆయన ఒక బోయాను రెండు చెక్కలుగా కోయించాడు. కింది సగం పొయ్యి, పై సగం మూత. లోపలికి గాలి రావడానికి, పొగ పోవడానికి రంధ్రాలు పెట్టించాడు. అదే వెబర్ కెటిల్. అలలమీద వానకు తడిసే వస్తువు వాననుంచి నిప్పును కాపాడే గొడుగయింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికన్ సైనికులు జపానునుంచి తెచ్చుకొన్న 'కమాడో' మట్టిపొయ్యిలు మరొక దారి చూపాయి. వాటి మందపు గోడలు చలిలోను వేడిని నిలుపుకొంటాయి.

ఒక నవంబరులో మా అబ్బాయి ఇంట ఉన్నప్పుడు పొరుగింటి పెద్దాయన ఈ పని చేయడం చూచాను. సన్నని వాన పడుతున్నది. ఆయన పొయ్యిని ఇంటికి దూరంగా పెట్టి, గాలి వచ్చే దిక్కున రేకు అడ్డం నిలిపి, బొగ్గు మామూలు కంటె ఎక్కువ సిద్ధం చేసుకొన్నాడు. మూత తీయడే! తీసిన ప్రతిసారీ కూడబెట్టిన వేడి పోతుందట. తీగకు కట్టిన థర్మామీటరును గొడుగు కింద నిలబడి చూస్తున్నాడు. అమెరికా వ్యవసాయశాఖ లెక్క ప్రకారం మాంసం అన్ని చోట్లా 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరాలి. పొగలో వండే పక్షి 12 పౌండ్లు మించకుంటే మేలు, అంటే అయిదున్నర కిలోలు. అంతకంటె పెద్దదైతే లోపలి భాగం క్రిములు పెరిగే వేడిలో ఎక్కువసేపు నిలిచిపోతుంది. పౌండుకు ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. తడిసిన ఇనుము వేడిని లాగుతూ ఉంటే అంతకు మించినా ఆశ్చర్యం లేదు.

ఆయన కట్టెముక్కలను మాత్రం తడవనీయక డబ్బాలో దాచుకొన్నాడు. అది చూచినప్పుడు నాకు అన్నంభట్టు గుర్తుకు వచ్చాడు. ఆంధ్రుడని మనం చెప్పుకొనే ఆ పండితుని శాస్త్రం ప్రకారం పొగ ఉన్నచోట నిప్పు ఉండి తీరుతుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండనక్కరలేదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడికట్టె తగలాలి. దానిని ఉపాధి అన్నారు. వంటవారికి ఆ ఉపాధి మితిమీరరాదు. కట్టె బాగా తడిస్తే తెల్లని దట్టపు పొగ వచ్చి మాంసం చేదెక్కుతుంది. పొడికట్టె నెమ్మదిగా కాలితే వచ్చే పలుచని నీలిపొగ వారికి ఇష్టం.

ఆ ఇనుపగుండు ఉదాహరణలో ప్రాణాపాయం కూడ ఉంది. పొగ ఆగిన బొగ్గునిప్పు నిరపాయం అనుకొంటాము. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. 1993 జనవరిలో సియాటిల్ ప్రాంతాన గాలివానకు కరెంటు పోయినప్పుడు వెచ్చదనానికో వంటకో బొగ్గుపొయ్యిలు ఇండ్లలోనికి తెచ్చుకొని ఎందరో విషవాయువు పాలబడ్డారు. వారిలో ఆంగ్లం రాని వలస కుటుంబాలవారు చాలామంది. సంచిమీద ఆంగ్లంలో హెచ్చరిక ఉండనే ఉంది! చదవలేనివారికి కూడ తెలియాలని ఆ హెచ్చరికకు బొమ్మను జోడించే నిబంధన 1996లో చేసి, 1997 నవంబరు నుంచి అమలుపరచారు. 2006 డిసెంబరు గాలివానలో అదే ప్రాంతంలో మళ్ళీ మరణాలు సంభవించాయి. అప్పుడు సియాటిల్ టైమ్స్ పత్రిక తన మొదటి పుటలోనే పలు భాషలలో హెచ్చరిక ముద్రించింది.

నలభై ఏళ్ళు భాష చెప్పిన నాకు ఈ మాట మరపునకు రాదు. మన పెద్దలు బాలింత గదిలో కుంపటి పెట్టినవారు, చలికాలం ఇంట్లో నిప్పు కాగినవారు. మన పెంకుటిండ్లకు కప్పులోనే గాలి ఆడేది. అక్కడి ఇండ్లు చలికి సందు లేకుండ బిగించినవి. గరాజు తలుపు తెరిచి ఉంచినా చాలదు. విదేశాలలో ఉన్న మిత్రులు తమ ఇంటికి వచ్చిన అమ్మానాన్నలకు ఈ సంగతి తెలుగులో, నోటితో చెప్పవలసినదిగా మనవి. వాన పడితే బొగ్గుపొయ్యిమీద మూత వేయండి, గాలికి అడ్డు పెట్టండి, వంట మానుకొన్నా మానుకోండి. ఆ నిప్పును మాత్రం గడప దాటించి లోపలికి తేవద్దు.