సూది ఎవరి చేతిలో? గడ్చిరోలి నవజాత శిశు సంరక్షణ: ఒక చారిత్రక పరిశీలన

గ్రామ ఆరోగ్య కార్యకర్తల పరిజ్ఞానాన్ని కొలిచే అధ్యయనాలు సాధారణంగా 'ఆమెకు ఏమి తెలుసు?' అన్న ప్రశ్నతో మొదలవుతాయి. ఆమెను ఏమి చేయనిచ్చారన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న. తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా అనుభవం ఇందుకు సాక్ష్యం.

వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1986లో అక్కడ 'సర్చ్' సంస్థను నెలకొల్పారు. 1995-96లో వారు పరిశీలించిన 763 మంది నవజాత శిశువుల్లో 54 శాతం మందికి చికిత్స అవసరమైంది. వైద్యసహాయం అందింది మాత్రం 2.6 శాతానికే. ఆసుపత్రి దూరం. పురిటి గది దాటి బిడ్డను బయటికి తీసుకురావడానికి కుటుంబాలు ఇష్టపడేవి కావు. కనుక చికిత్సే ఆ గదిలోకి వెళ్లవలసి వచ్చింది. కొద్దిపాటి బడి చదువు ఉన్న గ్రామీణ స్త్రీలు బిడ్డను తూచడం, ఒంటి వేడి చూడడం, శ్వాస లెక్కించడం, ఊపిరి అందని శిశువును తేరుకొనేలా చేయడం నేర్చుకొన్నారు. అన్నింటికంటే సాహసమైన అంశం, రక్తంలో సోకిన ఇన్ఫెక్షన్‌ను లక్షణాలను బట్టి గుర్తించి జెంటామైసిన్ సూదిమందు తామే ఇవ్వడం. మంత్రసానిని వారు తొలగించలేదు, ఆమె పక్కనే కూర్చున్నారు.

ఈ సేవలు అందిన 39 గ్రామాల్లో నవజాత శిశు మరణాల రేటు వెయ్యికి 62 నుంచి మూడో ఏట 25.5కు దిగింది. పోలిక కోసం ఎంచుకొన్న 47 గ్రామాల్లో అదే ఏడాది 59.6గా ఉంది. 1999లో 'లాన్సెట్' ఈ ఫలితాలను ప్రచురించింది.

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 'ఆశా' కార్యకర్తను తెచ్చింది. 2011 నాటి మార్గదర్శకాలు ఆమెకు 42 రోజుల్లో ఆరు, ఇంటి కాన్పు అయితే ఏడు గృహసందర్శనలను, అందుకు 250 రూపాయల ప్రోత్సాహకాన్ని నిర్దేశించాయి. తూకం, ఉష్ణోగ్రత, ముర్రుపాల గురించిన సలహా, ప్రమాద లక్షణాల గుర్తింపు ఆమె వంతుకు వచ్చాయి. సూది మాత్రం రాలేదు. 2014లో ఆ బాధ్యత ఏఎన్ఎంకు అప్పగించారు. ఈ జాగ్రత్త పూర్తిగా నిరాధారం కాదు. గడ్చిరోలిలో ఉన్నంత దగ్గరి పర్యవేక్షణను దేశమంతటా నెలకొల్పడం సులభం కాదు, ఆసుపత్రి కాన్పులూ అప్పటికే పెరుగుతున్నాయి. అయినా కాన్పు తరువాత ఇల్లు చేరిన బిడ్డకు జబ్బు చేసేది ఇంట్లోనే.

ప్రశ్నావళిలో ప్రమాద లక్షణాలన్నీ సరిగా చెప్పిన ఆశాకు పూర్తి మార్కులు పడతాయి. కుటుంబం ఆసుపత్రికి రానన్న రాత్రి ఆమె ఏమి చేయగలదో ఆ పట్టికలో గడి ఉండదు. ఆసుపత్రికి తరలించడం సాధ్యం కాని శిశువులకు వెలుపలే జెంటామైసిన్, అమాక్సిసిలిన్‌లతో చికిత్స చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. గడ్చిరోలి స్త్రీలు సూది పట్టి అప్పటికి దాదాపు ఇరవై ఏళ్లు.