సముద్రపు రంగుకూ ఒక తూనికరాయి



నేను తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశాను. వర్తకులు తమ రాళ్లు, త్రాసులు పట్టుకొని ముద్ర కోసం ఆఫీసు వరండాలో బారులు తీరేవారు. ఒకసారి ఒక ముసలి వర్తకుడు ఇన్‌స్పెక్టరుగారిని, “నా రాయి తప్పన్నారు, సరే. మీ రాయి ఒప్పని ఎవరు చెప్పారండీ?” అని అడిగాడు. ఆయన నవ్వి, తన రాయిని సరిచూసే రాయి పై ఆఫీసులో ఉందనీ, అన్నిటికీ పైన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో దేశ ప్రమాణం ఉందనీ ఓపికగా చెప్పారు.

సముద్రపు రంగును కొలిచే శాస్త్రజ్ఞులకూ ఇదే ప్రశ్న ఎదురైందని ఈమధ్య చదివి ఆశ్చర్యపోయాను.

రంగును కొలవడం దేనికంటారా? సముద్రంలో కంటికి కనిపించనంత చిన్న మొక్కలుంటాయి. వాటిలోని పత్రహరితం నీలి కాంతిని పీల్చుకుంటుంది. అవి పెరిగినచోట నీరు పచ్చబారుతుంది. వాటిని తినే ప్రాణులు, వాటి వెంట చేపలు చేరతాయి.

1865లో ఇటలీ తీరాన సెక్కీ అనే మతగురువు ఓడ మీదనుంచి తెల్లని పళ్లేలను నీటిలోకి దించి, ఎంత లోతులో కనుమరుగవుతాయో కొలిచారు. పళ్లెం సైజు, సూర్యుడి ఎత్తు, ఓడ నీడ మారితే లెక్క ఎలా మారుతుందో కూడా పరీక్షించారు. తరువాత స్విట్జర్లాండుకు చెందిన ఫోరెల్, జర్మనీకి చెందిన ఊలే రంగు నీళ్ల గొట్టాలతో 21 మెట్ల కొలబద్ద తయారుచేశారు. అయితే ఈ రెండింటిలోనూ చూసే కన్ను మారితే లెక్క మారేది.

1978లో అమెరికా నింబస్-7 ఉపగ్రహం మీద సముద్రపు రంగును చూసే తొలి పరికరాన్ని పంపింది. అది 1986 వరకు పనిచేసింది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ దాని చూపు, ముఖ్యంగా నీలి రంగులో, మందగించింది. మారింది సముద్రమా, పరికరమా అని తేల్చడం కష్టమైంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఉపగ్రహానికి వంద రూపాయల వెలుగు అందితే, అందులో సుమారు తొంభై గాలిది, సముద్రానిది పదే. మొత్తం మీద ఒక్క రూపాయి పొరబడినా, సముద్రపు పద్దులో పదోవంతు తప్పినట్లే. జమాఖర్చులు రాసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

అందుకని 1992 నుంచి అమెరికాలో వివిధ ప్రయోగశాలలవారు తమ తమ దీపాలనూ పరికరాలనూ ఒకచోటికి తెచ్చి, పక్కపక్కన పెట్టి పోల్చుకోసాగారు. అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ కూడా పాల్గొన్నది. మొదట తేడాలు గట్టిగానే బయటపడ్డాయి. ఎవరి లెక్క వారికి ఒప్పే కదా! దాచుకోకుండా పోల్చుకున్నందువల్లనే తేడాలు తగ్గుతూ వచ్చాయి.

1997లో సీవిఫ్స్ పరికరం నింగికెక్కింది. అదే ఏడు హవాయి దీవుల్లో లానాయి వద్ద, దానికి ప్రమాణంగా మోబీ అనే కొలత బోయాను సముద్రంలో నిలిపారు. ఇక సీవిఫ్స్ నెలనెలా చంద్రుణ్ణి చూసి, తన చూపు ఎంత తగ్గిందో లెక్క కట్టుకునేది. చంద్రుడి ఉపరితలం మారదు గనుక, ఆకాశంలో అదొక తూనికరాయి అన్నమాట.

మనమూ వెనుకబడలేదు. 1999 మే 26న శ్రీహరికోట నుంచి ఓషన్‌శాట్-1 వెళ్లింది. మన పరికరాలను సరిచూడడానికి లక్షద్వీప్‌లోని కవరత్తి వద్ద ఏర్పాటు చేశారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు రంగు, ఉష్ణోగ్రతల ఆధారంగా చేపలు దొరికే తావులను మత్స్యకారులకు తెలియజేస్తున్నది. ఆ మాట నమ్మి డీజిలు పోసుకొని వెళ్లినవాడికి, ఎక్కడో పరికరంలో తప్పు దొర్లితే, ఆ రోజు కూలి కూడా గిట్టదు.

ఆనాటి వర్తకుడిది ఎదురుమాట అనుకున్నాను గాని, అది అడగవలసిన ప్రశ్నే. ఏ రాయీ తనకు తాను ముద్ర వేసుకోలేదు. మన ఇళ్లలో బీపీ మిషన్లున్న పెద్దలు కూడా ఈసారి డాక్టరుగారి దగ్గరకు వెళ్లేటప్పుడు వాటిని వెంట తీసుకెళ్లి, పక్కన పెట్టి ఒకసారి సరిచూసుకోవలసిందిగా మనవి.