ఎల్లంపల్లి నీళ్లు, మూసీ మళ్లు

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సరిహద్దున గోదావరి మీద ఉన్న శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నుంచి 2015 చివర్లో హైదరాబాద్‌కు తాగునీరు చేరింది. నగరం వాడుకున్నాక ఆ నీరు మోరీల గుండా మూసీలో పడుతుంది. అక్కడి నుంచి కాలువల్లో వరిమళ్లకు పోతుంది, మిగిలింది వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నదుల అనుసంధానం మీద చర్చలు ఇంకా తెగలేదు గానీ, మురుగు రూపంలో ఆ పని ఎప్పుడో జరిగిపోయింది. ఆ మాటకొస్తే 1965లో మంజీర నీరు నగరానికి వచ్చిననాడే మొదలైంది. మంజీర కూడా గోదావరి ఉపనదే కదా.

1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెప్పగానే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) గుర్తొస్తాయి. నగరానికి మురుగుకాల్వల పథకం రాసిందీ ఆయనే. జలాశయాలు మూసీ ఎగువ నీటిని ఆపేశాయి, నగరం తన మురుగును కింద వదిలింది. అలా వానాకాలపు నది ఏడాదంతా పారే నది అయింది.

దిగువ రైతులకు ఈ మురుగునీటిని వాడుకోమని ఎవరూ చెప్పలేదు. నదికి అడ్డంగా కట్టిన పాత కత్వలు ఉన్నాయి, వాటి కాలువలు ఉన్నాయి, ఎండాకాలంలోనూ నీరుంది. నగరం అంచున గేదెల మేతకు పారాగడ్డి, ఆకుకూరలు వేశారు. కాచవాని సింగారం లాంటి ఊళ్లలో వరి పండించారు. నీటితోపాటు నత్రజనీ వచ్చింది, ఒంటి దురదలూ కొంకిపురుగులూ వచ్చాయి.

మురుగునీటి సేద్యంపై అంతర్జాతీయ ప్రకటన 2002 నవంబరు 14న హైదరాబాద్‌లోనే వెలువడింది. ఈ సేద్యాన్ని నిషేధించి ఊరుకోకుండా, ముప్పు తగ్గించి సాగనివ్వాలన్నది దాని సారం. ఆ తర్వాత పరిశోధకుడు జెరోన్ ఎన్సింక్ బృందం నగరం నుంచి దిగువకు సుమారు 40 కిలోమీటర్ల మేర నీటిని పరీక్షించింది. కత్వ వెనక నీరు నిలిచినప్పుడల్లా పురుగుల గుడ్లు అడుగున పేరుకుని, కిందికి పోయేకొద్దీ నీరు మెరుగుపడుతున్నట్టు తేల్చింది. సేద్యం కోసం కట్టిన రాతికట్టలు, ఎవరూ అనుకోకుండానే, శుద్ధి కేంద్రాల పని చేశాయన్నమాట. రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే అంబర్‌పేట కేంద్రం ఆ కట్టలు కట్టిన ఎన్నో ఏళ్లకు గానీ రాలేదు.

అయితే కత్వలు రసాయనాలను విరిచేయలేవు. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాన్ని 18 కిలోమీటర్ల గొట్టంలో నగర మురుగుకాల్వకు తెచ్చి, ఇళ్ల మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపారు. మూసీ కథలో నేను తప్పుపట్టేది దీన్నే. అలా శుద్ధి కేంద్రంలో మిగిలే, లోహాలు చేరిన మడ్డిని ఎరువని రైతుకు అంటగట్టకూడదు.

మానేరు ఒడ్డున కరీంనగర్, గోదావరి ఒడ్డున రామగుండం ఇప్పుడు తమ మురుగు సంగతి చూసుకుంటున్నాయి. వాటికి నేను చెప్పేది ఇదే: ఇళ్ల నీటిలో ఫ్యాక్టరీ నీటిని కలపకండి. మడ్డిని పరీక్షించాకే పొలానికి పంపండి. శుద్ధి కేంద్రానికి స్థలం చూసేముందు, దిగువన ఆ నీటిని ఎవరు పారించుకుంటున్నారో వెళ్లి అడగండి.