పాత కంప్యూటరుకు వెబ్ విహరిణి

వెబ్ విహరిణి లేదా బ్రౌజరు అనేది అంతర్జాలం నుండి పేజీలను తెచ్చి తెరపై చూపించే సాఫ్టువేరు. కంప్యూటరు యంత్రభాగాలు చక్కగా పనిచేస్తున్నప్పటికీ, అందులోని నిర్వహణ వ్యవస్థకు తయారీదారు మద్దతు ఆగిపోయిన కొంతకాలానికి దానిపై నడిచే కొత్త విహరిణులు రావడం మానేస్తాయి. ఉన్న పాత విహరిణిలో ఒక్కొక్క వెబ్‌సైటే తెరుచుకోకుండా పోతుంది. విండోస్ 98, విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 వాడుకరులు వేర్వేరు కాలాల్లో ఈ స్థితిని ఎదుర్కొన్నారు. తెలుగు చదువరులకు ఇందులో అదనపు చిక్కు కూడా ఉంది. పేజీ తెరుచుకోవడం ఒక ఎత్తయితే, అందులోని ఒత్తులు, గుణింతాలు ఉండవలసిన చోట కనిపించడం మరో ఎత్తు.

శ్రీహరికోట ఉదాహరణ

బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ నడుమ ఉన్న శ్రీహరికోట దీవి భారతదేశపు ప్రధాన రాకెట్టు ప్రయోగ కేంద్రం. ఇక్కడి నుండి తొలి రోహిణి-125 రాకెట్టును 1971 అక్టోబరు 9న ప్రయోగించారు. 2002లో కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. పూర్వం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో భాగమైంది.

సూళ్లూరుపేట చుట్టుపక్కల వారు రాకెట్టు ఎగరడాన్ని దశాబ్దాలుగా మేడల మీద నుండి, సరస్సు గట్ల మీద నుండి చూస్తున్నారు. అందుకు కంప్యూటరు అక్కరలేదు. అయితే 2019 ఏప్రిల్ 1 నాటి పీఎస్ఎల్‌వీ-సీ45 ప్రయోగంతో కేంద్రంలోని వీక్షణశాల సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. మొదట్లో దాదాపు 5,000 మంది కూర్చునే వీలున్న ఈ శాలలో ప్రవేశానికి ముందుగా వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకోవాలి. ఆసక్తి ఎక్కువగా ఉన్న ప్రయోగాలకు స్థానాలు త్వరగా నిండిపోతాయి. ఆ సమయంలో పాఠశాలలోనో ఇంట్లోనో ఉన్న పాత కంప్యూటరు "ఈ పేజీని చూపలేము" అన్న సందేశంతో ఆగిపోతే, రాకెట్టును దగ్గరగా చూసే అవకాశం పిల్లలకు చేజారినట్లే. పరీక్షా ఫలితాలు, ప్రవేశ పరీక్షల దరఖాస్తులు, ఉపకార వేతనాల నమోదు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ప్రయోగాల ప్రత్యక్ష ప్రసారం సంగతి వేరు. చాలాకాలం వీడియోలకు ఫ్లాష్ అనే అనుబంధ సాఫ్టువేరు అవసరమయ్యేది. 2015లో యూట్యూబ్ కొత్త విహరిణులలో హెచ్‌టీఎంఎల్5 పద్ధతికి మారింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతే ముగిసింది. కనుక 2008లో చంద్రయాన్-1 ప్రయోగం నాటికి వీడియోలు బాగానే చూపిన కంప్యూటరు, 2023లో చంద్రయాన్-3 ప్రయోగాన్ని చూపలేకపోవడంలో వింత ఏమీ లేదు. కంప్యూటరు మారలేదు, దాని చుట్టూ ఉన్న అంతర్జాలం మారింది.

పేజీలు ఎందుకు తెరుచుకోవు

పాత విహరిణి విఫలం కావడానికి ముఖ్య కారణం గూఢలిపి. నేటి వెబ్‌సైట్లలో అత్యధికం హెచ్‌టీటీపీఎస్ ద్వారానే పేజీలను పంపుతాయి. విహరిణికీ సర్వరుకూ మధ్య జరిగే ఈ రహస్య సంభాషణకు టీఎల్ఎస్ అనే నియమావళి ఉంది. దీని 1.2 కూర్పు 2008లోను, 1.3 కూర్పు 2018లోను వెలువడ్డాయి. విండోస్ ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు తెలిసినది 1.0 మాత్రమే. 2020లో ప్రముఖ విహరిణులన్నీ 1.0, 1.1 కూర్పులను పక్కన పెట్టాయి, సర్వర్లు కూడా అదే దారి పట్టాయి. వికీపీడియా 2015లో పూర్తిగా హెచ్‌టీటీపీఎస్‌కు మారింది. తరువాతి సంవత్సరాల్లో పాత గూఢలిపి పద్ధతులను ఒక్కొక్కటిగా తొలగించడంతో ఎక్స్‌పీలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 8లో అది తెరుచుకోవడం మానేసింది.

రెండవ కారణం ధ్రువపత్రాలు. వెబ్‌సైటు తాను చెప్పుకుంటున్న సైటేనని నిరూపించే ధ్రువపత్రాన్ని విహరిణి తన వద్ద, లేదా నిర్వహణ వ్యవస్థ వద్ద ఉన్న నమ్మకస్తుల జాబితాతో సరిచూస్తుంది. పాత కంప్యూటర్లలో ఈ జాబితా కూడా పాతదే. 2021 సెప్టెంబరు 30న ఒక ముఖ్యమైన మూల ధ్రువపత్రం గడువు తీరినప్పుడు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రాలు వాడే ఎన్నో వెబ్‌సైట్లు పాత పరికరాల్లో ఒక్కరోజులో దోషాలు చూపడం మొదలుపెట్టాయి.

విహరిణిని తిట్టుకునే ముందు గడియారాన్ని చూడడం మంచిది. మదర్‌బోర్డు మీద ఉండే నాణెం వంటి బ్యాటరీ అయిపోతే, కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ కంప్యూటరు తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కు పోతుంది. తేదీ 2002 అని ఉన్న యంత్రానికి నేటి ధ్రువపత్రాలన్నీ ఇంకా పుట్టనివే. కాబట్టి అది దేనినీ నమ్మదు. విహరిణిని తీసివేసి, మళ్ళీ స్థాపించి, ఫలితం లేక యంత్రాన్నే మూలన పడేయడం మామూలుగా జరిగేదే. నిజానికి కావలసింది ఒక చిన్న బ్యాటరీ, గడియారం సరిచేయడానికి రెండు నిమిషాలు.

మూడవది ప్రాసెసరు. గూగుల్ క్రోమ్ 2014 నుండి, విండోస్‌పై ఫైర్‌ఫాక్స్ 2016 నుండి ఎస్ఎస్ఈ2 అనే ఆదేశాల సముదాయం ఉన్న ప్రాసెసర్ల మీదే నడుస్తున్నాయి. పెంటియం 4లో ఇది ఉంది, పెంటియం 3లో లేదు. అందువలన పెంటియం 3 యంత్రంపై ఎంత కొత్త నిర్వహణ వ్యవస్థ వేసినా, నేటి పెద్ద విహరిణులు నడవవు.

తెలుగు కనిపించడం

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి కూర్పులోనే స్థానం దక్కింది. అయితే సంకేతం ఉన్నంత మాత్రాన అక్షరం తెర మీదికి రాదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం వరుసగా ఉంటాయి. వీటిని కలిపి ఒకే రూపంగా దిద్దే పనిని విండోస్‌లో యూనిస్క్రైబ్ అనే భాగం చేసేది. విండోస్ 2000లో దేవనాగరి, తమిళ లిపులకు మాత్రమే ఈ సౌకర్యం ఉండేది. తెలుగుకు 2001లో వచ్చిన ఎక్స్‌పీ దాకా ఆగవలసి వచ్చింది. గౌతమి ఖతి దానితోపాటే వచ్చింది.

అయినా ఎక్స్‌పీ కొన్నవారందరికీ తెలుగు వెంటనే కనబడలేదు. కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రాంతీయ, భాషా ఐచ్ఛికాలలో సంక్లిష్ట లిపులకు సంబంధించిన గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు కంప్యూటరు ఎక్స్‌పీ సీడీని అడుగుతుంది. సీడీ దుకాణదారు వద్దే ఉండిపోయినవారు ఆ మెట్టు దగ్గరే ఆగిపోయేవారు. ఈ పని చేయని యంత్రంలో నాటి ఫైర్‌ఫాక్స్ తెలుగును ఒత్తులు ఊడిపోయి, పొల్లులు బయటపడి చూపేది. అదే పేజీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో బాగానే కనబడేది. దీనివలన ఫైర్‌ఫాక్స్‌కు తెలుగు రాదన్న అపోహ కొంతకాలం నిలిచింది. విండోస్ 98 వాడేవారు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 6తోపాటు ఒక యూనికోడ్ తెలుగు ఖతిని స్థాపించుకుని చదవగలిగేవారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి ఉచితంగా అందించిన పోతన, వేమన ఖతులు ఆ రోజుల్లో ఎంతోమందిని ఆదుకున్నాయి. 2005లో భారత ప్రభుత్వం తెలుగు ఖతులు, ఉపకరణాలతో ఒక ఉచిత సీడీని కూడా విడుదల చేసింది.

ఆ కాలంలో విహరిణి ఎంపికను శాసించిన మరో అంశం దినపత్రికల వెబ్‌సైట్లు. ఈనాడు సహా పలు పత్రికలు యూనికోడ్‌కు బదులు తమ సొంత ఖతులను వాడేవి. ఆంగ్ల అక్షరాల సంకేతాలకే తెలుగు ముక్కలను అతికించిన ఖతులివి. విహరిణి పేజీతోపాటు ఖతిని కూడా దించుకునే ఏర్పాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో పనిచేసేది, మిగిలిన వాటిలో అర్థంకాని గుర్తులు వచ్చేవి. ఈ ఇబ్బందిని తీర్చినది వెన్న నాగార్జున తయారుచేసిన పద్మ. ఫైర్‌ఫాక్స్‌కు పొడిగింతగా పనిచేస్తూ, ఇది ఆ సొంత సంకేతాలను అప్పటికప్పుడు యూనికోడ్‌గా మార్చి చూపేది. తెలుగు వికీపీడియాకు 2003లో నాంది పలికినది కూడా ఆయనే. పద్మ వలన లినక్సు వాడేవారికి కూడా తెలుగు పత్రికలు చదివే వీలు కలిగింది.

తరువాతి ఫైర్‌ఫాక్స్, క్రోమ్ కూర్పులు అక్షరాలను కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే సొంత భాగంతో చేసుకుంటున్నాయి. కాబట్టి నిర్వహణ వ్యవస్థ పాతదైనా, సరైన ఖతి ఉంటే చాలు. సెల్‌ఫోన్లలో ఒపేరా మినీ ఇంకో ఉపాయం చూపింది. తెలుగు ఖతి లేని ఫోన్లలో, అమరికలలో ఒక ఐచ్ఛికాన్ని మారిస్తే, దాని సర్వరే అక్షరాలను బొమ్మలుగా గీసి పంపేది.

ఏ వ్యవస్థకు ఏది చివరిది

విండోస్ 98పై నడిచే చివరి ఫైర్‌ఫాక్స్ 2008 డిసెంబరులో వచ్చిన 2.0.0.20. విండోస్ 2000కు ఫైర్‌ఫాక్స్ 12 చివరిది. ఎక్స్‌పీ, విస్టాలపై క్రోమ్ 49తోను, ఫైర్‌ఫాక్స్ 52 దీర్ఘకాల మద్దతు కూర్పుతోను ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ స్వయంగా ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మద్దతు ముగించింది. విండోస్ 7, 8.1లకు క్రోమ్ 109 చివరిది, ఫైర్‌ఫాక్స్‌లో 115 దీర్ఘకాల మద్దతు కూర్పు చివరిది.

పెద్ద సంస్థలు వదిలేసిన చోట ఔత్సాహికులు కొన్ని విహరిణులను నడుపుతున్నారు. ఎక్స్‌పీ కోసం ఫైర్‌ఫాక్స్ ఆధారంగా మైపాల్, క్రోమియం ఆధారంగా సూపర్‌మియం తయారయ్యాయి. ఇవి కొత్త టీఎల్ఎస్ కూర్పులను తమ వెంట తెచ్చుకుంటాయి కనుక, వ్యవస్థలోని పాత గూఢలిపితో నిమిత్తం లేకుండా పేజీలు తెరుస్తాయి. ఎక్స్‌పీని వదలలేనివారు ముందుగా ప్రయత్నించదగినవి ఇవే. అయితే 512 మెగాబైట్ల మెమరీ ఉన్న యంత్రంలో ఏ విహరిణీ నేటి పేజీలను సాఫీగా నడపలేదు. 2 గిగాబైట్లకు పెంచగలిగితే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

1992 నాటి లింక్స్ వంటి పాఠ్య విహరిణులు ఎంత పాత యంత్రంలోనైనా చకచకా నడుస్తాయి. ఆంగ్ల వ్యాసాలు చదవడానికి పనికొస్తాయి. తెలుగు ఒత్తులను కూర్చడం మామూలు టెర్మినళ్ళకు చేతకాదు గనుక, జావాస్క్రిప్టు లేనిదే నమోదు పత్రాలు కదలవు గనుక, మన అవసరాలకు ఇవి సరిపోవు.

నిర్వహణ వ్యవస్థను మార్చడం

విహరిణి దొరకనప్పుడు నిర్వహణ వ్యవస్థనే మార్చడం శాశ్వత పరిష్కారం. లినక్సు పంపిణీలు ఉచితం. సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్సులో భారతీయ భాషలకు మద్దతు ఉంది. తెలుగులో లినక్సు అందించడానికి స్వేచ్ఛ సంస్థ కృషి చేసింది. డెబియన్‌లో లోహిత్, పోతన, వేమన ఖతులను ప్యాకేజీలుగా స్థాపించుకోవచ్చు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. 32-బిట్ విండోస్ ఉన్నంత మాత్రాన ప్రాసెసరు 32-బిట్‌ది కానక్కరలేదు. 2006 నుండి వచ్చిన కోర్ 2 డుయోలు, చివరి తరం పెంటియం 4లలో అనేకం 64-బిట్‌వే. వీటిపై 64-బిట్ లినక్సును, దానిపై నేటి ఫైర్‌ఫాక్స్‌ను నడపవచ్చు. నిజంగా 32-బిట్ యంత్రాలకు మాత్రం దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో వాటికి స్థాపకం లేదు. లినక్సులో 32-బిట్ ఫైర్‌ఫాక్స్ కూడా 2025లో 144వ కూర్పుతో ఆగిపోయింది.

పాఠశాలల్లో ఈ మార్పుకు అదనపు ప్రయోజనం ఉంది. 2008లో ఆంధ్రప్రదేశ్‌లోని దాదాపు 5,000 ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్లు సమకూర్చినప్పుడు, ఒక కంప్యూటరుకు అనేక తెరలు, కీబోర్డులు తగిలించి పంచుకునే ఎన్‌కంప్యూటింగ్ పద్ధతిని వాడారు. ఖర్చు తగ్గించిన ఆ ఏర్పాటులో, మూల యంత్రం పాతబడిన రోజున అన్ని కుర్చీలూ ఒకేసారి పాతబడతాయి. అలాగే దానికొక్కదానికి మంచి విహరిణి దొరికితే అందరికీ దొరికినట్లే.

భద్రత

కొత్త విహరిణి వేసినంత మాత్రాన పాత నిర్వహణ వ్యవస్థలోని రంధ్రాలు పూడవు. 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపిన వన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. అది విహరిణి ద్వారా కాక, విండోస్‌లోని ఫైళ్ళు పంచుకునే భాగం ద్వారా వ్యాపించింది. మద్దతు ముగిసి మూడేళ్ళయినప్పటికీ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్రత్యేక సవరణను విడుదల చేయవలసి వచ్చింది.

అందువలన ఎక్స్‌పీ వంటి వ్యవస్థలో ఎంత కొత్త విహరిణి ఉన్నా, బ్యాంకు లావాదేవీలకు, ఆధార్ సంఖ్యలు నింపే పత్రాలకు దానిని వాడకూడదు. ప్రయోగ వీక్షణకు పేరు నమోదు చేసేటప్పుడు కూడా గుర్తింపు వివరాలు ఇవ్వవలసి ఉంటుంది గనుక, ఆ పనికి లినక్సు వేసిన యంత్రాన్నో, సవరణలు అందుతున్న ఫోనునో ఎంచుకోవడం మేలు. పాత విహరిణులను అడిగినవారికల్లా ఇచ్చే ఊరూపేరూ లేని డౌన్‌లోడు సైట్లలో విహరిణితోపాటు వైరసు కూడా దిగవచ్చు. ఫైర్‌ఫాక్స్ పాత కూర్పులన్నీ మొజిల్లా సొంత భాండాగారంలోనే లభిస్తాయి. పాత యంత్రంలో ఆ పేజీ తెరుచుకోకపోతే, వేరే కంప్యూటరులో దించి పెన్‌డ్రైవు ద్వారా తెచ్చుకోవచ్చు.