పిలాటిస్: పేరు వెనుక చరిత్ర

సెమిలిగుడలోనో, పక్కనున్న సునాబెడ క్వార్టర్లలోనో పొద్దుటి పనులు ముగించుకుని, సెల్‌ఫోను గోడకానించి, చాప పరిచి "పది నిమిషాల పిలాటిస్" వీడియో పెట్టబోతున్నారా? అది కొత్తవారికి తగునా అన్నది ఆ పద్ధతి చరిత్రలోనే కొంత దొరుకుతుంది, వినండి.

జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషువారి నిర్బంధ శిబిరంలో ఉన్నాడు. 1926లో న్యూయార్కు చేరి వ్యాయామశాల పెట్టాడు. నాట్యకారులు చాలామంది ఆయన దగ్గరకు వచ్చేవారు.

1945లో వెలువడ్డ ఆయన పుస్తకంలో 34 వ్యాయామాలున్నాయి. మొట్టమొదటిది "హండ్రెడ్". వెల్లకిలా పడుకుని, తలా కాళ్లూ పైకెత్తి, చేతులను వందసార్లు ఆడించాలి. అయితే కొత్తవారు 20తో మొదలుపెట్టి, 5 చొప్పున పెంచుకుంటూ పోవాలని ఆయనే రాశాడు. మరి మీ వీడియో మొదటి రోజే వంద చేయిస్తోందా? అయితే అది మీది కాదు. నిడివి తక్కువైనంత మాత్రాన తేలికని కాదు. పది నిమిషాల్లో అన్నీ కూర్చాలని పరుగెత్తించేవే ఎక్కువ.

అన్నట్టు, పిలాటిస్ అన్న పేరుపై ఎవరికీ గుత్తహక్కు లేదని 2000లో న్యూయార్కు కోర్టు తీర్పిచ్చింది. కనుక ఆ పేరు చూసి నమ్మకండి. ముందొకసారి కూర్చుని వీడియో అంతా చూడండి. మోకాళ్లు మడిచి, తల నేలకానించి చేసే దారి చూపిస్తున్నారా? ఊపిరి ఎప్పుడు వదలాలో చెబుతున్నారా? మెడ పట్టేస్తే అక్కడికక్కడే ఆపండి. నడుంనొప్పి ఉన్నవారు, బాలింతలు ముందుగా డాక్టరునడగండి.